అప్‌డేట్: కార్డు అమ్మకాల్లో తగ్గిన సొమ్ము లెక్క తేలింది

తిరుపతి గాంధీ రోడ్డులో మా ఇత్తడి సామాను కొట్టుకు కార్డు మిషను పెట్టాక, అమ్మిన మొత్తం కన్నా తక్కువ సొమ్ము ఖాతాలో పడుతోందని గత నెల అడిగాను. స్టేట్‌మెంటు తీసి చూడమన్న వారందరికీ కృతజ్ఞతలు. రెండు రాత్రులు కూర్చుని ప్రతి వరుసా సరిచూశాను.

ఒక యాత్రికుడు దీపపు కుందులు కొని క్రెడిట్ కార్డుతో 5,000 రూపాయలు చెల్లించారు. మిషను ఇచ్చిన బ్యాంకు మా దగ్గర పట్టే రుసుము 1.8 శాతం, అంటే 90 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ 16.20. మరునాడు మాకు చేరింది 4,893.80. ఆ రుసుములో ఎక్కువ భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకే వెళుతుందట. మిగిలింది వీసా, రూపే లాంటి కార్డు నెట్‌వర్కూ, మిషను ఇచ్చిన బ్యాంకూ పంచుకుంటాయి.

అసలు తప్పు డెబిట్ కార్డుల దగ్గర దొరికింది. ఏడాది అమ్మకం 20 లక్షల లోపు ఉన్న కొట్టుకు 0.40 శాతం మించకూడదని రిజర్వు బ్యాంకు నియమం 2018 జనవరి నుంచే ఉంది. మా దగ్గర 0.90 పట్టారు! రూపే డెబిట్ కార్డుకైతే 2020 జనవరి నుంచి రుసుమే లేదు. మా అమ్మకం 20 లక్షల లోపేనని చూపే జీఎస్టీ రిటర్నులు జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. పన్నెండో రోజున రేటు సరిచేసి, ఎక్కువ పట్టిన సొమ్ము వెనక్కి వేశారు.

మిషను నెలసరి అద్దె మాత్రం తగ్గించలేదు. దాని గురించి ఇంకా అడుగుతున్నాను.