టీ-బీమ్ మొమెంట్ కెపాసిటీ: చేత్తో వేస్తే 863, సాఫ్ట్‌వేర్‌లో 211, ఏది నమ్మాలి?

సివిల్_కుర్రాడు

అందరికీ నమస్తే. బీటెక్ సివిల్ ఫైనల్ ఇయర్. ప్రాజెక్టులో ఒక ఇంటికి డిజైన్ వేస్తున్నాం, ఒక టీ-బీమ్ (పైన స్లాబ్‌తో కలిసి టీ ఆకారంలో పనిచేసే బీమ్) దగ్గర ఆగిపోయా, అది ఎంత మొమెంట్ (వంచే ప్రభావం) తట్టుకుంటుందో తేలట్లేదు.

స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 6 మీటర్లు, సింప్లీ సపోర్టెడ్ (రెండు చివరలా ఊరికే ఆని ఉన్నట్టు) అనుకున్నాం. బీమ్‌లు 3 మీటర్లకొకటి, సెంటర్ టు సెంటర్. బీమ్ వెడల్పు 230, స్లాబ్ మందం 125, స్లాబ్‌తో కలిపి లోతు 450, ఎఫెక్టివ్ డెప్త్, అంటే పై అంచు నుంచి కింది రాడ్ల మధ్య దాకా, 400 (అన్నీ మి.మీ.లో). ఎం25 కాంక్రీట్, ఎఫ్ఈ500 స్టీల్ (బలాలు చదరపు మి.మీ.కి 25, 500 న్యూటన్లు), కింద 20 ఎంఎం రాడ్లు 4, అంటే 1256 చదరపు మి.మీ.

ఐఎస్ 456 (మన కాంక్రీట్ కోడ్) ప్రకారం ఫ్లాంజ్ (బీమ్‌తో కలిసి పనిచేసే స్లాబ్ భాగం) వెడల్పు 6000/6 + 230 + 6 × 125 = 1980 వచ్చింది. తర్వాత అనెక్స్ జి లో టీ-బీమ్ ఫార్ములా పెట్టా. స్లాబ్ మందాన్ని ఎఫెక్టివ్ డెప్త్‌తో భాగిస్తే 0.31, అంటే 0.2 దాటింది కాబట్టి వైఎఫ్ (ఫ్లాంజ్‌కి లెక్కలో వాడే సమానమైన మందం) కూడా లెక్కేశా, 108.85. అంతా కలిపితే 863 కేఎన్ఎం (కిలోన్యూటన్ మీటర్లు). సాఫ్ట్‌వేర్ మాత్రం 211 అంటోంది. ఫ్లాంజ్ వదిలేసి ఉత్త 230 వెడల్పుతో వేస్తే 123 వస్తోంది. వైవాలో ఏం చెప్పాలి? గైడ్ సార్‌ని అడిగితే "కోడ్ చూసుకో" అన్నారు, కోడ్ చూసే ఇక్కడిదాకా వచ్చా సార్.

ఎన్ఏ_లైన్

211 కరెక్ట్. నీ 863లో గుణకారం తప్పేమీ లేదు తమ్ముడూ, కానీ నువ్వు వాడిన ఫార్ములాలో ఏఎస్‌టీ (కింది స్టీల్ వైశాల్యం) ఎక్కడుందో వెతికి చూడు. ఉండదు. అది లిమిటింగ్ మొమెంట్. న్యూట్రల్ యాక్సిస్ (పైన నొక్కుడుకీ కింద లాగుడుకీ మధ్య గీత) గరిష్ఠంగా 0.46డి దాకా (డి అంటే ఎఫెక్టివ్ డెప్త్), అంటే నీ బీమ్‌లో 184 మి.మీ. దాకా దిగితే కాంక్రీట్ ఎంత మోస్తుందో అది చెబుతుంది, నువ్వు పెట్టిన నాలుగు రాడ్లు దానికి తెలియనే తెలియవు. అంత లోతుకు దిగాలంటే కింద సుమారు 5800 చదరపు మి.మీ. స్టీల్ కావాలి, 20 ఎంఎంవి 18 దాటతాయి. 230 వెడల్పులో అన్ని పట్టవన్నది ఒకటి, అసలు కోడే బీమ్‌లో టెన్షన్ స్టీల్ 4 శాతం మించకూడదంటుంది కదా, 0.04 × 230 × 450 అంటే 4140. కాబట్టి ఈ బీమ్‌కి 863 అనేది కాగితం మీద తప్ప ఎక్కడా రాదు.

టీ-బీమ్ అనగానే ఆ పెద్ద ఫార్ములా మీదికి ఎగబడతారు అందరూ. ముందు న్యూట్రల్ యాక్సిస్ ఎక్కడుందో చూడాలి. ఫ్లాంజ్ మొత్తం నలిగితే ఇచ్చే బలం 0.36 × 25 × 1980 × 125, అంటే 2227 కేఎన్. నీ రాడ్లు లాగగలిగేది 0.87 × 500 × 1256, అంటే 546 కేఎన్. నాలుగో వంతు కూడా లేదు. అంటే యాక్సిస్ స్లాబ్‌లోనే ఉంది, వైఎఫ్ ఊసే అక్కర్లేదు, 1980 వెడల్పున్న మామూలు దీర్ఘచతురస్రం బీమ్‌లా వేసేయ్:

ఎక్స్‌యూ (పై అంచు నుంచి న్యూట్రల్ యాక్సిస్ లోతు) = 546360 / (0.36 × 25 × 1980) = 30.7 మి.మీ.
ఎమ్‌యూ (మొమెంట్ కెపాసిటీ) = 546360 × (400 − 0.42 × 30.7) = 211.5 కేఎన్ఎం

అయిపోయింది, రెండు లైన్లు. ఇక 123 ఎందుకొచ్చిందంటే, 230 వెడల్పే అనుకుంటే అదే స్టీల్‌కి ఎక్స్‌యూ 264 అవుతుంది, 184 దాటింది కాబట్టి ఓవర్ రీఇన్‌ఫోర్స్‌డ్ (స్టీల్ సాగకముందే కాంక్రీట్ నలిగేది), అక్కడ లిమిట్ దగ్గర ఆపేస్తే 123. అవే రాడ్లు స్లాబ్‌ని లెక్కలోకి తీసుకోకపోతే ఎక్కువైపోయాయి, తీసుకుంటే హాయిగా అండర్ రీఇన్‌ఫోర్స్‌డ్. ఫ్లాంజ్ చేసే అసలు మేలు ఇది.

ఇంకో సంగతి. ఫ్లాంజ్ వెడల్పు దగ్గర పిల్లలు అనవసరంగా టెన్షన్ పడతారు. ఇదే బీమ్ కంటిన్యువస్ (మధ్య ఆధారాల మీదుగా సాగేది) అయితే ఎల్0 (ఫ్లాంజ్ లెక్కలో వాడే స్పాన్) అంటే 0.7 × 6000 = 4200, బీఎఫ్ (ఫ్లాంజ్ వెడల్పు) 1680కి పడిపోతుంది. 300 మి.మీ. పోయింది కదా, మొమెంట్ ఎంత తగ్గిందో వేసి చూడు. 210. ఒక్క కేఎన్ఎం చిల్లర! మొమెంట్ నిర్ణయించేది రాడ్లూ లోతూ, ఫ్లాంజ్ ఓ మోస్తరుగా ఉంటే చాలు.

రింగుల_మేస్త్రి

లెక్క బాగుంది గానీ ఆ నాలుగు రాడ్లు ఒకే వరసలో కూర్చుంటాయా అని ఎవరూ అడగరేం. నాది సైటు పని, కాబట్టి నేనడుగుతా.

మనకి 9 అంగుళాల గోడ కాబట్టి బీమ్ 230 పెడతారు, సరే. కవర్ (స్టీల్ బయట ఉండే కాంక్రీట్) 30, రింగు (రాడ్లను చుట్టే కమ్మీ) 8, రెండు పక్కలా కలిపి 76 పోయింది. మిగిలింది 154. అందులో నాలుగు 20లు 80 తీసేస్తే 74, మూడు సందులకి పంచితే ఒక్కోటి 24.7. మనం వాడేది 20 ఎంఎం కంకర, కోడ్ ప్రకారం రాడ్ల మధ్య కంకర సైజు కన్నా 5 ఎక్కువ ఉండాలి, అంటే 25. వెంట్రుకవాసిలో తప్పింది. డ్రాయింగ్‌లో ఆ వెంట్రుకవాసి కనబడదు. సైటులో రింగు కాస్త బిగుతుగా వంచినా, ఒక రాడ్ వంకర ఉన్నా సందు 15కి వస్తుంది, కంకర పైనే ఆగిపోతుంది, కిందకి ఉత్త సిమెంటు పాలు దిగుతాయి, సెంట్రింగ్ విప్పాక బీమ్ అడుగున రాడ్లు పళ్లికిలించినట్టు కనబడతాయి.

స్టీల్ కట్టేవాళ్లకి వదిలేస్తే రెండు కింద, రెండు పైన కట్టేస్తారు, మధ్యలో 25 ఎంఎం ముక్క పెట్టి. అప్పుడు ఎఫెక్టివ్ డెప్త్ 400 ఉండదు తమ్ముడూ, 380 చిల్లరకి వస్తుంది, నీ 211 కాస్తా 200. ఆయన చెప్పిన ఫ్లాంజ్ 300 మి.మీ. పోతే ఒకటి తగ్గింది, ఇక్కడ రాడ్లు 2 సెంటీమీటర్లు పైకి జరిగితే 11 పోయింది.

నా మాట వింటే పక్కన రెండు 25లు, మధ్యలో ఒక 20 వెయ్. 1296 వస్తుంది, సందులు 42 ఉంటాయి, వైబ్రేటర్ వేసినా కాంక్రీట్ సుఖంగా దిగుతుంది.

సివిల్_కుర్రాడు

సూపర్ అన్నా, 2-25 + 1-20 తో మళ్లీ వేశా, 218 వచ్చింది. సాఫ్ట్‌వేర్ కూడా అంతే చూపిస్తోంది.

ఇంకో రెండు డౌట్లు. ఒకటి, పక్క ఫ్రేమ్‌లో ఇవే సైజు బీమ్‌లు మూడు స్పాన్లు కంటిన్యువస్‌గా ఉన్నాయి, వాటికీ ఇదే పద్ధతేనా? రెండోది, ఒక బీమ్ పక్కన బాత్‌రూమ్, సంకన్ స్లాబ్ (కిందికి దింపి పోసిన స్లాబ్) ఉంది. అటువైపు ఫ్లాంజ్ ఉన్నట్టా లేనట్టా?

గోదారి_గట్టు

కంటిన్యువస్‌లో స్పాన్ మధ్య వరకే టీ. సపోర్ట్ దగ్గర మొమెంట్ తిరగబడుతుంది, పైన లాగుడు, కింద నొక్కుడు. స్లాబ్ పైన ఉంది కాబట్టి పగిలిన కాంక్రీట్ కిందే లెక్క. నొక్కుడు పడే చోట ఉన్నది 230 వెడల్పే. అందుకని అక్కడ పనికొచ్చేది నువ్వు పక్కన పడేసిన ఆ 123.

తమాషా ఏంటంటే మొమెంట్ ఎక్కువుండేదీ అక్కడే. కోడ్‌లో పట్టిక 12 తీసి చూడు, డెడ్ లోడ్‌కి (సొంత బరువు లాంటి శాశ్వత భారానికి) మొమెంట్ గుణకం చివరి స్పాన్ మధ్యలో 1/12, దాని పక్క సపోర్ట్ మీద 1/10. మొమెంట్ పెరిగిన చోటే ఫ్లాంజ్ చేతులెత్తేస్తుంది. కాబట్టి చాలా ఇళ్లలో బీమ్ లోతుని తేల్చేది సపోర్టే. 123 చాలకపోతే కింది రాడ్లని సపోర్ట్ దాటించి కంప్రెషన్ స్టీల్‌గా (నొక్కుడు మోసే రాడ్లుగా) వాడుకుని డబ్లీ రీఇన్‌ఫోర్స్‌డ్‌గా వెయ్యి, లేదా లోతు పెంచు.

సంకన్ స్లాబ్ పక్కన ఎల్-బీమ్ అనుకో. పైభాగంలో స్లాబ్ ఒక పక్కే ఉంది కదా. 6000/12 + 230 + 3 × 125 = 1105. నీ మొదటి నాలుగు రాడ్లతో ఎక్స్‌యూ 55, మొమెంట్ 206. చూశావా, ఫ్లాంజ్ సగానికి దగ్గరగా పోయినా పెద్దగా నష్టం లేదు. రెండు పక్కలా బాత్‌రూమ్‌లైతే మాత్రం ఫ్లాంజ్‌ని మర్చిపో.

ఇవన్నీ స్లాబూ బీమూ ఒకేసారి పోసినప్పుడే. కొన్ని సైట్లలో స్లాబ్ అడుగు మట్టం దాకా బీమ్ పోసేసి, మర్నాడు స్లాబ్ పోస్తారు. అలాంటప్పుడు రింగులు స్లాబ్‌లోకి పొడుచుకుని ఉండాలి, లేకపోతే రెండూ కలిసి పనిచెయ్యవు. స్లాబ్ మెయిన్ రాడ్లు బీమ్‌కి సమాంతరంగా నడిచే చోట బీమ్ మీదుగా అడ్డంగా పై రాడ్లు విడిగా వెయ్యాలి, స్లాబ్ మధ్యలో ఉన్న మెయిన్ స్టీల్‌లో కనీసం 60 శాతం. నీ ప్లాన్‌లో స్లాబ్ రాడ్లు బీమ్‌కి అడ్డంగానే వెళ్తున్నాయి కాబట్టి ఆ గొడవ లేదు.

సివిల్_కుర్రాడు

థాంక్యూ సార్. మరి ఆ వైఎఫ్ ఫార్ములా ఎప్పుడు పనికొస్తుంది? పరీక్షలో అదే అడుగుతారు.

ఎన్ఏ_లైన్

స్టీల్ దట్టంగా ఉండి ఫ్లాంజ్ ఇరుకైనప్పుడు. బీమ్‌లు మీటరుకొకటి ఉన్నాయనుకో, బీఎఫ్ 1000, వెబ్ (స్లాబ్ కింది బీమ్ భాగం) వెడల్పు 300, స్లాబ్ 100, ఎఫెక్టివ్ డెప్త్ 600, 25 ఎంఎం రాడ్లు 6. అదే కాంక్రీట్, అదే స్టీల్. రాడ్లు లాగేది 1281 కేఎన్, ఫ్లాంజ్ ఇచ్చేది 900. చాల్లేదు, యాక్సిస్ వెబ్‌లోకి దిగింది. ఇప్పుడు వైఎఫ్ = 0.15 ఎక్స్‌యూ + 65 పెట్టి రెండు వైపులా బలాలు సమానం చేస్తే:

2700 ఎక్స్‌యూ + 7875 × (0.15 ఎక్స్‌యూ + 65) = 1281000
ఎక్స్‌యూ = 198, వైఎఫ్ = 94.7

ఇక్కడ రెండు చెక్‌లు మర్చిపోకు. వైఎఫ్ స్లాబ్ మందం 100 దాటకూడదు, దాటలేదు. ఎక్స్‌యూ 0.46 × 600, అంటే 276 లోపుండాలి, ఉంది. వెబ్ వాటా 276, ఫ్లాంజ్ వాటా 412, మొత్తం సుమారు 689 కేఎన్ఎం. వైఎఫ్ ఎందుకంటే, పైనుంచి ఎక్స్‌యూలో 3/7 వంతు వరకే ఒత్తిడి 0.45 ఎఫ్‌సీకే (కాంక్రీట్ బలం, ఇక్కడ 25) దగ్గర నిలకడగా ఉంటుంది, ఇక్కడ 85 మి.మీ., ఆ కింద తగ్గుతూ పోతుంది. స్లాబ్ అంతకన్నా మందం కాబట్టి మొత్తం 100నీ పూర్తి ఒత్తిడిలో లెక్కేస్తే ఎక్కువ చూపించినట్టు.

వైవాలో డిఫ్లెక్షన్ (బీమ్ కుంగుబాటు) కూడా అడుగుతారు, రెడీగా ఉండు. నీ బీమ్‌లో వెబ్ వెడల్పు, ఫ్లాంజ్ వెడల్పులో 0.3 కన్నా తక్కువ కాబట్టి కోడ్ ఇచ్చే స్పాన్/డెప్త్ పరిమితి 20ని 0.8తో గుణించాలి, 16. నీది 15. స్టీల్‌కిచ్చే మాడిఫికేషన్ ఫ్యాక్టర్ కలపకముందే పాసైపోయింది.