సోల్ఫెజియెట్టో రాసింది ఏ బాఖ్?

రాయగడ కీబోర్డు:
మాది రాయగడ. తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తాను, ఇన్నాళ్లూ చెవితో పట్టుకున్న పాటలే, ఇప్పుడిప్పుడే స్టాఫ్ నొటేషన్ చదవడం నేర్చుకుంటున్నాను. మా సారు సోల్ఫెజియెట్టో అనే కీబోర్డు పీసు షీటు ఇచ్చారు. పైన బాఖ్ అని మాత్రమే ఉంది, యూట్యూబులో ఒకరు తండ్రిది అంటారు, ఇంకొకరు కొడుకుది అంటారు. ఎవరిది? స్పీడు పెంచితే చెయ్యి మారినచోటల్లా అతుకు వినిపించేస్తోంది, దానికేం చెయ్యాలి?

బరంపురం టీచరు:
కొడుకుది బాబూ. కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ బాఖ్, 1714లో వైమార్‌లో పుట్టాడు, జొహాన్ సెబాస్టియన్ బాఖ్‌కి బతికిన కొడుకుల్లో రెండోవాడు. పేరులో ఫిలిప్ అన్నది జ్ఞానపిత, స్వరకర్త టెలిమాన్ నుంచి వచ్చింది, 1768లో హాంబర్గ్‌లో ఆ టెలిమాన్ ఉద్యోగంలోకే వెళ్లాడు. అంతకుముందు బెర్లిన్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ దగ్గర ఏళ్ల తరబడి కొలువు, రాజుగారు ఫ్లూటు వాయిస్తే ఈయన పక్కన కీబోర్డు. సోల్ఫెజియెట్టో 1766 నాటిది.

ఇక అతుకు సంగతి. ఈ పీసు చాలావరకు ఒకటే స్వరాల వరుస, రెండు చేతులూ దాన్ని పంచుకుంటాయి, కాబట్టి ముందు స్పీడు మర్చిపో. ఎడమ చేతి చివరి స్వరం, కుడి చేతి మొదటి స్వరం, ఈ రెండే తీసుకుని ఒకే బలంతో వచ్చేదాకా వాయించు. చెయ్యి మారగానే తెలియకుండానే గట్టిగా నొక్కేస్తాం, అతుకు అక్కడే పుడుతుంది.

పర్లాకిమిడి వీణ:
టీచరు గారు చెప్పింది నిజమే కానీ ఆయన్ని ఈ ఒక్క స్పీడు పీసుతో కొలిస్తే నాకు బాధగా ఉంటుంది. ఆయనకు ప్రాణం క్లావికార్డు అనే పాతకాలపు కీబోర్డు వాద్యం. మీట నొక్కితే చిన్న ఇత్తడి రేకు తీగను తాకి, వేలు ఎత్తేదాకా అలాగే ఆని ఉంటుంది, అందుకని నొక్కిన వేలినే కొద్దిగా ఆడిస్తే స్వరం మన గమకంలా ఊగుతుంది. పియానోలో ఆ వీలు లేదు, సుత్తి కొట్టి వెనక్కి వెళ్లిపోతుంది. 1781లో, సిల్బర్‌మాన్ చేసిన తన క్లావికార్డును ఇంకొకరికి ఇచ్చేస్తూ దానికి వీడ్కోలుగా ఒక రోండో (మొదటి వరుస మళ్లీ మళ్లీ తిరిగొచ్చే పీసు) రాశాడు. ముందు అది వినండి, నెమ్మదిగా సాగుతుంది, ఏడుపొచ్చేంత బాగుంటుంది.

రాయగడ కీబోర్డు:
విన్నానక్కా! ఈ రెండూ రాసింది ఒకరేనా అనిపించింది. నా లెవెల్‌కి ఆయనవి ఇంకేమైనా ఉన్నాయా?

బరంపురం టీచరు:
ఆయన తండ్రి రెండో భార్య అన్నా మగ్దలేనా బాఖ్ నోటుబుక్కులో డి మేజర్ మార్చ్ ఉంది, అది ఈయన కుర్రతనంలో రాసిందే అంటారు. దాంతో మొదలుపెట్టు. ప్రష్యన్ సొనాటాలు (1742) తర్వాత చూద్దాం. 1753లో కీబోర్డు వాయించే పద్ధతి మీద పుస్తకం కూడా రాశాడు, అందులో వేళ్ల వాడకం, ముఖ్యంగా బొటనవేలు, ఎంత ఓపికగా చెప్పాడో. ఆ అధ్యాయం ఇంగ్లిష్ అనువాదంలో దొరికితే వదలకు. మీ సారుని అడిగి, షీటు మీద ఏ వేలు ఎక్కడో పెన్సిలుతో రాయించుకో.