సమస్య: తొంబదేండ్ల ముసలి తొలుతఁ గనెను

నిర్వాహకుడు: అందరికీ వందనాలు. పోయినసారి విరహం ఇస్తే అందరూ కలిసి ఏడ్చి పెట్టారు కాబట్టి ఈసారి నవ్వు కావాలి, ఇల్లూ పిల్లలూ కావాలి, వాటికోసం దేవుడికి థాంక్స్ చెప్పే క్రైస్తవ పూరణలే కావాలి. పైన ఇచ్చిన పాదం చివర వచ్చేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి, అదే పూరణ. ఆ పాదం నాకు బస్సులో తట్టింది, పక్క సీటాయన నన్ను అనుమానంగా చూసేంతగా నవ్వుకున్నాను. "కనెను"కి రెండు దారులున్నాయి, బిడ్డను కనడం, కళ్ళతో చూడడం, ఎవరెటు పోతారో చూద్దాం.

తెనాలి టీచరమ్మ: బోణీ నాదే.

నవ్వె డేర చాటు నమ్మక శారయు
నవ్వు పేర సుతుని నాథుఁ డొసఁగె
వినినవార లెల్ల విరగబడి నగఁగ
తొంబదేండ్ల ముసలి తొలుతఁ గనెను

ఆదికాండం 21:6 ముందు పెట్టుకునే రాశాను. దేవుడే నాకు నవ్వు తెప్పించాడు, విన్నవాళ్ళంతా నవ్వుతారని అబ్రాహాము భార్య శారా అన్న మాటే మూడో పాదం.

వినుకొండ విమర్శకుడు: రెండో పాదం దివ్యంగా ఉంది, ఇస్సాకు అంటేనే నవ్వు, ఆ పేరెత్తకుండానే పేరు పెట్టేశారు. కానీ టీచరమ్మా, "తొలుతఁ గనెను" అంటే ఆ తర్వాత ఇంకొకర్ని కూడా కన్నట్టేగా? శారాకు ఇస్సాకు ఒక్కడే. పైగా ముసలితనంలో కొడుకు పుడతాడని విని నవ్విన ఆ డేర చాటు నవ్వు నమ్మకం లేని నవ్వు, ఎందుకు నవ్విందని దేవుడు అడిగితే భయపడి నవ్వలేదని బుకాయించింది కూడా. కొడుకు పుట్టాక నవ్విందే కృతజ్ఞత నవ్వు. ఆ రెంటికీ మధ్య ఎంత కథ ఉందో, మీరు ఒక్క అంగలో దాటేశారు.

తెనాలి టీచరమ్మ: తొలుత అంటే తొలిసారి, నిఘంటువు మీ ఇంట్లోనూ ఉందనుకుంటాను. ఇక నవ్వు సంగతా, ఒక అధ్యాయం వెనక్కి వెళ్ళండి, 17:17. అబ్రాహాము సాగిలపడి మరీ నవ్వాడు, నూరేళ్ళవాడికి బిడ్డ పుడతాడా, తొంభై ఏళ్ళ శారా కంటుందా అని. ఆయన్ని మాత్రం ఎందుకు నవ్వావయ్యా అని అడిగినవాళ్ళు లేరు, కేసంతా శారా మీదే. ఇప్పుడు మీరూ అదే లైన్లో నిలబడ్డారు.

గుంటూరు మిర్చి: టీచరమ్మ కొట్టిన దెబ్బకు వినుకొండ కొండ కదిలింది. నాకొక డౌటు, బైబిలు కథలకి కీర్తనలున్నాయి కదా, ఆటవెలది పద్యంలో డేరాలూ శారాలూ కాస్త ఎబ్బెట్టుగా లేవూ?

వినుకొండ విమర్శకుడు: మిర్చీ, మా ఊరివాడు జాషువా. 1964లో ఆయనకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది క్రీస్తు చరిత్రకే, అది పద్యకావ్యమే. ఎబ్బెట్టు మాట వెనక్కి తీసుకో.

పాస్టరు గారబ్బాయి: నేను రెండో దారిలో వెళ్ళాను, కనడమంటే చూడడం. లూకా 2లో బాలయేసును దేవాలయంలో చూసిన ముసలావిడ, అన్న అనే ప్రవక్త్రి.

దేవళమున నుండి దివసముల్ గడపిన
అన్న చూడఁగలిగె నభవు శిశువు
చేతులెత్తి దేవుని స్తుతించి మురిసె
తొంబదేండ్ల ముసలి తొలుతఁ గనెను

వినుకొండ విమర్శకుడు: తమ్ముడూ, మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావలసిన జత అక్షరం, కుదరలేదు. "చే"కీ "ని"కీ ఏ చర్చిలో పెళ్ళి చేశారు? సాక్షి సంతకాలు ఎవరివి? "చేతులెత్తి కర్త సేవలో నుతియించి" అంటే సరిపోతుంది. అది అలా ఉంచితే, అప్పుడే పుట్టిన బిడ్డను పట్టుకుని అభవుడంటావేంటయ్యా, అభవుడంటే పుట్టనివాడు కదా.

పాస్టరు గారబ్బాయి: సవరణ తీసుకుంటాను, అభవుణ్ణి మాత్రం కదపను. పుట్టుక లేనివాడు శిశువుగా పుట్టడమే క్రిస్మస్ అంతా. ఆ విరోధం కోసమే ఆ మాట వేశాను, మా నాన్నగారు డిసెంబరు నెలంతా చెప్పేది అదే.

తెనాలి టీచరమ్మ: అభవుడికి నా ఓటు. కానీ బాబూ, లెక్క కుదరలేదు. అన్న గురించి లూకా చెప్పింది ఎనభై నాలుగు, తొంభై కాదు. ఆ ఎనభై నాలుగూ వైధవ్యం ఏళ్ళే అంటావా, దానికి ముందు కాపురం చేసిన ఏడేళ్ళు కలిపితేనే తొంభై దాటేసింది, పెళ్ళినాటి వయసు ఇంకా వేయనేలేదు. ఎటు తిప్పినా తొంభై రాదు. ఇంకోటి, తొలుత చూసింది అదే దేవాలయానికి వచ్చిన సుమెయోను. చేతుల్లోకి ఎత్తుకుని దేవుణ్ణి స్తుతించి, ఇక నన్ను పోనీ అన్నాక కదా అన్న వచ్చింది.

వినుకొండ విమర్శకుడు: ఇది నాకు తట్టలేదే! శభాష్ టీచరమ్మా. (ఈ మాట స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటారని తెలుసు.)

నర్సాపురం లేసు: లేటుగా వచ్చాను. మా ఇంట్లో భోజనం ముందు నాన్నగారు చేసే ప్రార్థన ఎంత పొడవో తెలిసినవాళ్ళకు ఈ పద్యం ఇట్టే ఎక్కుతుంది. దుబాయ్‌లో ఉన్న పిన్ని దగ్గర మొదలై, మంచం పట్టిన పక్కింటాయన, చెరువు కింద వేసిన నారు, పదో తరగతి పరీక్షలు, అన్నీ అయ్యి ఆమెన్ వచ్చేసరికి పప్పుచారు మీద తెట్టు కడుతుంది.

అందఱపుడు కనుల నట్టె మూసికొనఁగ
అన్నదాత దేవు నభినుతింప
బోసినవ్వు నవ్వెఁ బువ్వముందర పాప
తొంబదేండ్ల ముసలి తొలుతఁ గనెను

గుంటూరు మిర్చి: అంటే ముసలమ్మ ప్రార్థనలో కళ్ళు తెరిచిందన్నమాట! చిక్కింది దొంగ.

పాస్టరు గారబ్బాయి: దొంగతనమేమీ లేదు. ప్రార్థనలో కళ్ళు మూసుకోవాలనేది మన అలవాటు. యోహాను 17:1 చూడండి, యేసు ఆకాశం వైపు కన్నులెత్తే ప్రార్థించాడు. నాకైతే ఈ పద్యంలో అసలు ప్రార్థన చేసింది ఆవిడే అనిపిస్తోంది. మిగతావాళ్ళు దేనికి థాంక్స్ చెబుతున్నారో అది ఎదురుగా నవ్వుతుంటే ఆవిడ ఒక్కతే చూసింది.

వినుకొండ విమర్శకుడు: బువ్వముందర పాప... అబ్బ. ఆ "అట్టె" మాత్రం దండగ మాట, యతి కోసం తెచ్చి కూర్చోబెట్టారు.

గుంటూరు మిర్చి: నాదీ చూడండి మరి.

ఫోను తెరనుఁ జూచి పొంగె మా తాతమ్మ
అమెరికాను బుట్టె ననుఁగు పాప
వీడియోను మేము వెనుకఁ జూచితిమయ్య
తొంబదేండ్ల ముసలి తొలుతఁ గనెను

వినుకొండ విమర్శకుడు: ఇందులో దేవుడేడి? నిర్వాహకుడు అడిగింది కృతజ్ఞత. ఇది వాట్సాప్ స్టేటస్.

తెనాలి టీచరమ్మ: పొంగడం చాలదా? 126వ కీర్తనలో మన నోటినిండా నవ్వుండెను అన్నారు, ఆ నవ్వే అక్కడ సాక్ష్యం. అయినా విమర్శకుడు గారూ, ఇతివృత్తం గురించి మీరు క్లాసు తీసుకోవడం చూస్తే మీ కోత పండుగ పద్యం గుర్తొస్తోంది. 128వ కీర్తనలో భోజనపు బల్ల చుట్టూ పిల్లలు ఒలీవ మొక్కల్లా ఉంటారని ఉంటే, మీరు గోంగూర మొక్కలు నాటారు. పిల్లల్ని పోల్చడానికి కోసి పచ్చడి నూరేదే దొరికిందా?

వినుకొండ విమర్శకుడు: పల్నాడులో ఒలీవ ఎవరు చూశారమ్మా! గోంగూరను కోసినకొద్దీ చిగురు వేస్తుంది, అదీ నా భావం.

తెనాలి టీచరమ్మ: ఒలీవ సొగసు చిగురులో లేదు. ముదురు చెట్టు మొదట్లోనే వేరు నుంచి చుట్టూ పిలకలు లేస్తాయి, పెద్దాయన చుట్టూ పిల్లలు కూర్చున్నట్టు. మీకు మన నేలమీద కావాలంటే అరటి పిలకలు ఉన్నాయిగా.

వినుకొండ విమర్శకుడు: అరటా? గెల వేశాక తల్లి చెట్టును నరికేస్తారు. తండ్రి అన్నం తింటున్న బల్ల దగ్గర ఆ ఉపమానం తెస్తారా? నా గోంగూరే నయం.

నిర్వాహకుడు: వ్యవసాయ శాఖ వారు కాస్త ఆగండి. ఈ వారం మొదటిది నర్సాపురం లేసు గారిదే, "అట్టె"తో సహా. టీచరమ్మది రెండోది, ఆ రెండో పాదం కోసం. మిర్చి పద్యంలో దేవుడు లేడన్న అభ్యంతరాన్ని నేను ఒప్పుకోను, పాస్టరు గారబ్బాయి సవరించి మళ్ళీ పెడితే బాగుంటుంది. వచ్చేవారం సమస్య కందపద్యంలో, ఒలీవలూ గోంగూరా నిషిద్ధం.

నర్సాపురం లేసు: థాంక్సండీ! పద్యం నానమ్మకు చదివి వినిపించాను. నేనెక్కడ కళ్ళు తెరిచానే అని ఒకటే గొడవ.

వినుకొండ విమర్శకుడు: శారా కూడా అలాగే అంది. 18:15. ఆవిడ మాట అక్కడా చెల్లలేదు.