సెన్సర్ ప్యాచ్ స్టెరిలైజేషన్ (క్రిములు లేకుండా చేయడం): ఈటీఓ (ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్)నా, గామా కిరణాలా?

సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్క్ దగ్గర చిన్న యూనిట్ మాది. చర్మం కింద సన్నటి తీగ ఉండే గ్లూకోజ్ సెన్సర్ చేస్తున్నాం, బ్యాటరీ, చిప్ అన్నీ అందులోనే. ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రం) 121 డిగ్రీలంటే బ్యాటరీ గోవిందా. అల్యూమినియం ఫాయిల్ పౌచ్‌లో సీల్ చేసి ఈటీఓకి పంపిద్దామంటున్నాడు మా పార్ట్‌నర్. ఓకేనా?

జవాబు 1:
ఫాయిల్‌లోంచి గ్యాస్ ఎలా దూరుతుంది తమ్ముడూ! టైవెక్ లాంటి గాలాడే మూత ఉండాలి. పైగా ఈటీఓకి తేమ, వేడి కావాలి, తీగ మీద గ్లూకోజ్‌ని పసిగట్టే గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమ్‌కి అవి పడకపోవచ్చు. తర్వాత మిగిలిన గ్యాస్ పోయేదాకా గాలి పట్టించి ఆ గ్యాస్ ఎంతవరకు మిగలొచ్చో చెప్పే ఐఎస్ఓ 10993-7 ప్రమాణం లిమిట్స్ కూడా చూసుకోవాలి, అదో టెన్షన్.

జవాబు 2:
గామా అయితే మీ ఫాయిల్‌కి ఇబ్బంది లేదు గానీ చిప్‌కి ఉంది. మేం ఒకసారి 25 కిలోగ్రేల రేడియేషన్ డోసు కొట్టిస్తే సగం పీసులు బ్లూటూత్‌కి దొరకలేదు, ఆ బ్యాచ్ తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఈ-బీమ్ (ఎలక్ట్రాన్ల కిరణం) చూడండి. చిప్‌కి అడ్డు పెట్టి తీగ వైపే కొట్టించొచ్చు.

జవాబు 3:
ట్రాన్స్‌మిటర్‌ని (చిప్, బ్యాటరీ ఉండే భాగం) విడిగా చేస్తే సగం గొడవ వదిలిపోతుంది కదా? తీగ, సూది మాత్రమే స్టెరైల్ చేస్తే చాలు.

ప్రశ్న అడిగినాయన:
విడిగా చేస్తే మోల్డ్ మార్చాలన్నా, డబ్బులు... సరే, ముందు ఈ-బీమ్‌కి పది పీసులు పంపిస్తా.