పార్వో సోకిన కుక్కపిల్లను రాత్రిళ్లు ఆసుపత్రిలో ఉంచాలా, ఇంటికి తెచ్చుకోవాలా?

నరసన్నపేట సభ్యుడు:
మా మూడు నెలల లాబ్రడార్ పిల్లకు పార్వో (కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు) సోకినట్లు పరీక్షలో తేలింది. వాంతులు ఆగడం లేదు, విరేచనాల్లో రక్తం పడుతోంది. శ్రీకాకుళంలో చూపించిన ప్రైవేటు వైద్యుడు రెండు మూడు రోజులు తన ఆసుపత్రిలోనే ఉంచమంటున్నారు. అయితే రాత్రి తొమ్మిది దాటాక అక్కడ కాపలాదారు తప్ప మరెవరూ ఉండరట. బోనులో ఒంటరిగా ఉంటే బెంగతోనే పోతుందని, రోజూ తీసుకెళ్లి సెలైన్ పెట్టించి తెచ్చుకుందామని మా నాన్నగారు పట్టుబడుతున్నారు. ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు.

బొబ్బిలి సభ్యురాలు:
మీ నాన్నగారితో నేను ఏకీభవిస్తున్నాను. మనిషి లేని గదిలో సెలైన్ గొట్టం ఊడినా, పిల్ల దాన్ని కొరికేసినా తెల్లవారేదాకా తెలిసే వీలు లేదు. ఇంట్లోనైతే ఎవరో ఒకరు మేలుకొని ఉంటారు. పైగా అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం వారు పార్వో సోకిన 40 కుక్కలను రెండు గుంపులుగా చేసి పరిశీలించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. ఆసుపత్రి పద్ధతిలో వైద్యం పొందినవాటిలో నూటికి 90 వంతులు, ఇంటి వైద్యం పద్ధతిలో చర్మం కింద సెలైన్, సూది మందులు తీసుకున్నవాటిలో నూటికి 80 వంతులు బతికాయి. ఆ కాస్త తేడా కోసం సామాన్య కుటుంబం అప్పు చేయాలనడం న్యాయం కాదు.

గరివిడి సభ్యుడు:
ఆ అంకెలు నిజమే కానీ, వాటి వెనుక ఉన్న ఏర్పాటును కూడా చెప్పుకోవాలి. ఇంటి వైద్యం గుంపులోని కుక్కలు నిజానికి ఇళ్లకు వెళ్లలేదు. శిక్షణ పొందిన సిబ్బంది కనుసన్నల్లో ఆసుపత్రిలోనే ఉన్నాయి. చర్మం కింద సెలైన్ మొదలుపెట్టే ముందు వాటికి నరం ద్వారా ద్రవం ఎక్కించి నీటి లోటును సరిదిద్దారు. రక్తంలో చక్కెర, లవణాలు ఎప్పటికప్పుడు పరీక్షించి లోటు కనిపించగానే సవరించారు. అది మన ఇళ్లలో ఒక తువ్వాలు, ఒక గ్లూకోజు పొట్లం పెట్టుకుని చేసే జాగారం కాదు.

పార్వో ప్రాణం తీసేది ప్రధానంగా నీటి లోటుతోనూ, పేగు లోపలి పొర చెడి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరడంతోనూ. అదే సమయంలో తెల్ల రక్తకణాలు కూడా తగ్గిపోతాయి కనుక ఆ సూక్ష్మజీవులను ఎదుర్కొనే శక్తి పిల్లకు ఉండదు. నీరు బాగా తగ్గిపోయిన పిల్లకు చర్మం కింద ఎక్కించిన సెలైన్ సరిగా ఇంకదు. చర్మానికి రక్తం చేరడమే తగ్గిపోతుంది కనుక అది అక్కడే ఉబ్బుగా నిలిచిపోతుంది. అందుచేత ముందు పిల్ల స్థితిని చూడండి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పాలిపోయినా, కాళ్లు చల్లబడినా, పిలిస్తే తల ఎత్తకపోయినా ఇంటి మాట మరిచిపోవలసిందే.

ఇక బొబ్బిలి సభ్యురాలి అసలు అభ్యంతరం నాకు పూర్తిగా సమ్మతం. రాత్రి చూసే మనిషి లేని చోట ఉంచడాన్ని ఆసుపత్రిలో చేర్చడం అనరు, తాళం వేయడం అంటారు. కాబట్టి డాక్టరు గారిని సూటిగా అడగండి: రాత్రి సెలైన్ ఎవరు చూస్తారు, వాంతి చేసుకుంటే ఎవరు శుభ్రం చేస్తారు, చక్కెర పడిపోతే ఎవరు గుర్తిస్తారు? జవాబు రాకపోతే, పిల్ల స్థితి ప్రమాదకరంగా ఉంటే, విశాఖపట్నంలో రాత్రి సిబ్బంది ఉన్న ఆసుపత్రిని ముందే ఫోనులో కనుక్కొని అక్కడికి తీసుకెళ్లాలి. స్థితి కాస్త నిలకడగా ఉంటే పగలంతా నరం ద్వారా ఎక్కించి, కాన్యులా (నరంలో పెట్టిన సన్నని గొట్టం) తీయకుండా కట్టు కట్టించుకుని రాత్రికి ఇంటికి తెచ్చుకోవడం కూడా ఒక మార్గమే, అది వైద్యుడు ఒప్పుకుంటేనే.

టెక్కలి సభ్యుడు:
ఈ చర్చ పార్వో వరకే చెల్లుతుందని గుర్తు చేయదలచాను. మగ పిల్లికి మూత్రం ఆగిపోతే రక్తంలో పొటాషియం పెరిగి రెండు మూడు రోజుల్లో గుండె ఆగవచ్చు. గొట్టం వేసి, ఆ తరువాత కూడా ఉంచుకుని చూడవలసిందే. ఉద్దానం జీడితోటల్లో పాము కరిచిన కుక్కలకూ అంతే. విరుగుడు సూది వేశాక బాగానే నడుస్తోందని తీసుకొచ్చేస్తాం కానీ, కట్లపాము కాటైతే ఊపిరి ఆలస్యంగా మందగించవచ్చు, రక్తపింజర కాటైతే రక్తం గడ్డకట్టే గుణం మళ్లీ చెడవచ్చు. 1962కు ఫోను చేస్తే వచ్చే పశువైద్య వాహనం మంచిదే కానీ, రాత్రంతా కనిపెట్టుకుని ఉండడం దాని పని కాదు.

బొబ్బిలి సభ్యురాలు:
పరిశోధన వివరం సరిచేసినందుకు కృతజ్ఞతలు. ఖర్చు గురించి నా మాట మాత్రం మారదు. ముందుగా రోజువారీ లెక్క చెప్పని చోట ఎవరూ చేర్చకూడదు.

ఆమదాలవలస సభ్యురాలు:
బెంగ సంగతి ఎవరూ తేల్చలేదు. బెంగ ఉంటుంది, తిండి మానేస్తాయి కూడా. అయితే వాంతులతో ఉన్న పిల్ల తినకపోవడానికి మొదటి కారణం పేగు. ఇంటి వాసన ఉన్న గుడ్డ ఒకటి బోనులో వేయమని అడగండి, ఉతకకుండా ఇవ్వండి. అది తిరిగి తెచ్చుకోకండి. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిలుకు చావదు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి పిల్ల ఉన్న చోటును కడగాలి. సెలైన్ లేకుండా ఒక పూటంతా తాగినది, తిన్నది కడుపులో నిలిచాకే ఇంటికి తీసుకురండి. ఆ తరువాత కూడా కొన్ని వారాలు వీధి కుక్కపిల్లలకు దూరంగా ఉంచండి.