పిల్లల మూత్రంలో కొల్లాజెన్ సూచికలు: క్రియాటినిన్‌తో భాగిస్తే సరిపోతుందా?

నమస్కారం. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో సంయోజక కణజాలం (ఎముక, చర్మం వంటి వాటిలో కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో ఉండే కణజాలం) ఎంత వేగంగా విచ్ఛిన్నమవుతోందో మూత్రం ద్వారా కొలిచి, సాధారణ పరిధులు తయారు చేసే పనిలో ఉన్నాను. కొల్లాజెన్ విరిగినప్పుడు మూత్రంలోకి వచ్చే హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని పక్కన పెట్టాను. జెలటిన్ ఉన్నది ఏదైనా తింటే చాలు, దాని విలువ పెరిగిపోతుంది. కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే పిరిడినోలిన్, డీఆక్సీపిరిడినోలిన్‌లకు ఆ బెడద లేదు.

నా చిక్కంతా కండరాల నుంచి వచ్చి మూత్రంలో పోయే క్రియాటినిన్‌తోనే. చిన్నపిల్లల నుంచి 24 గంటల మూత్రం చుక్క పోకుండా సేకరించడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికే తెలుసు. అందుకే ఒక్క నమూనా తీసుకుని, మూత్రం పలచనైనా చిక్కనైనా తేడా రాకుండా సూచికను క్రియాటినిన్‌తో భాగిస్తున్నాం. అయితే క్రియాటినిన్ కండరాల పరిమాణాన్ని బట్టి మారుతుంది. పసివాళ్లలో కండ తక్కువ కాబట్టి నిష్పత్తి ఎలాగూ పెద్దదిగానే వస్తుంది. అందులో ఎదుగుదల వాటా ఎంత, భాజకం చిన్నది కావడం వల్ల వచ్చింది ఎంత? వీటిని విడదీయడానికి మీరు ఏ పద్ధతి వాడారు? ఎత్తు, బరువులతో సవరించినవారు ఉన్నారా?

యౌవనారంభంలో విలువలు మళ్లీ మారతాయి కనుక, వయసుకు బదులు టానర్ దశల (యౌవనంలో శరీరంలో వచ్చే మార్పులను బట్టి వేసే దశల) ప్రకారం విభజించడమే మేలని నా అభిప్రాయం. మా గైడు మాత్రం వయసే చాలంటున్నారు.

ఇంకొకటి. ఈ సూచికలు రాత్రి ఎక్కువగా, పగలు తక్కువగా విసర్జితమవుతాయి. అలాంటప్పుడు నిద్ర లేవగానే వచ్చే మూత్రం తీసుకోవాలా, ఆ తర్వాతిదా? పక్క తడిపే పిల్లల విషయంలో ఏం చేశారు? సొంత అనుభవం ఉన్నవారు చెబితే ఎంతో మేలు.