శరత్తు చూడటానికి బ్యాగు సర్దాలా, చెప్పులేసుకుంటే చాలా?

చెరువుగట్టు:
ఏటా ఈ రోజుల్లో మా ఇంట్లో ఒకటే గొడవ. నాలుగు రోజులు సెలవు పెట్టి రంగులు మారిన అడవి చూసొద్దామని మా ఆవిడ, ఇక్కడే సాయంత్రాలు నడుద్దామని నేను. పోయినేడు ఆవిడ మాటే నెగ్గింది. తొమ్మిది గంటలు కారు నడిపి వెళ్తే కొండంతా ఇంకా పచ్చగానే ఉంది. "ఓ వారం ఆగి రావాల్సిందండీ" అన్నాడు బస ఇచ్చినాయన, తాళంచెవి చేతిలో పెడుతూ. తిరిగొచ్చేసరికి మా వీధి మలుపులో చెట్టు సగం పసుపు తిరిగి ఉంది. మేం లేని ఆ నాలుగు రోజుల్లోనే!

అప్పట్నుంచి నా వాదన ఇదే. ఈ కాలాన్ని అనుభవించడానికి ఇంటి నుంచి ఇరవై నిమిషాలు నడిచేంత దూరం చాలు. రోజూ అదే దారి, అదే చెట్టు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో అప్పుడే తెలుస్తుంది. మా ఆవిడ మాత్రం "బద్ధకానికి వేదాంతం తొడగొద్దు" అంటోంది. మీరు చెప్పండి.

దేశదిమ్మరి:
మీ శ్రీమతి గారికే నా ఓటు. వారం ముందు వెళ్ళడం ప్లాన్ తప్పు, ప్రయాణం తప్పు కాదు. ఒక చెట్టు పసుపెక్కడం వేరు, కొండవాలు మొత్తం కళ్ళముందు ఎర్రగా పరుచుకోవడం వేరు. అది చూసినప్పుడు వాగుడుకాయలు కూడా నోరు మూసుకుంటారు. నేనే సాక్ష్యం.

ఇంకో సంగతి. ఇంటి దగ్గర నడకలో ఇల్లు కూడా వెంటే వస్తుంది. "వచ్చేటప్పుడు పాలు పట్టుకురా" అని ఫోను. ఆరేసిన బట్టలు గుర్తొస్తాయి. ఊరు దాటితే గానీ ఆ తాడు తెగదు. దగ్గర్లోనే చాలనడం చాలామంది విషయంలో అందని ద్రాక్ష పుల్లన బాపతే. కోపగించుకోకండి.

లెక్కలపిచ్చి:
ప్లాన్ తప్పు అనేశారు గానీ, ఈ విషయంలో ప్లాన్ ఎవరి చేతిలోనూ లేదు. పగలు పొట్టిదవుతోందని చెట్టు పసిగట్టి ఆకు మీద పెట్టుబడి ఆపేస్తుంది. పత్రహరితం విరిగిపోతుంది. పసుపునిచ్చే కెరొటినాయిడ్లు ఆకులో మొదట్నుంచీ ఉన్నవే, పచ్చదనం కింద దాక్కుని ఉంటాయి. ఎరుపు అలా కాదు. ఆకు కాడ దగ్గర దారి మూసుకుపోతున్నప్పుడు లోపల చిక్కుకున్న చక్కెరలతో కొత్తగా తయారయ్యే ఆంథోసయనిన్లవల్ల వస్తుంది. పగలు ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి వరసగా కొన్నాళ్ళు కుదిరితే ఎరుపు బాగా పండుతుంది. ఈలోగా పెద్ద గాలివాన వస్తే రాత్రికి రాత్రే అంతా నేలపాలు. రెండు నెలల ముందు గది బుక్ చేసుకోవడమంటే లాటరీ టికెట్ కొనడమే. వీధి మలుపులో చెట్టున్నవాడికి ఆ టెన్షన్ లేదు.

పదాలపేటిక:
అందరూ ఆకుల దగ్గరే ఆగిపోయారు. మన లెక్కలో శరత్తు ఆశ్వయుజ, కార్తీకాలు. ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. మధ్యలో హేమంతం ఉంది. ఇంగ్లీషులో 'ఆటమ్' (autumn) అనే మాటకి ఒకరు శరత్తనీ ఇంకొకరు ఆకురాలు కాలమనీ రాసి రెంటినీ కలిపేశారు. భూమధ్యరేఖకి దగ్గరయ్యే కొద్దీ చాలా చెట్లు ఈ నెలల్లో రంగు మారవు. అంతమాత్రాన అక్కడివాళ్ళకి శరత్తు లేనట్టా? శరత్తంటే ముందు ఆకాశం. వానలు కడిగి వదిలిన నీలం, తేటపడిన నీళ్ళు, వెన్నెల. అదంతా ఎవరి ఇంటి మీద వాళ్ళకే ఉంది.

అరగంట:
ఈ చర్చ చదువుతుంటే కొంచెం చిరాకేసింది, చెప్పేస్తాను. మా అమ్మ రెండేళ్ళుగా మంచంలో ఉంది. పొద్దున్నే పక్కింటావిడ వచ్చి కూర్చునే అరగంటే నా సొంతం. చెరువుగట్టు గారూ, దగ్గర్లోనే చాలన్నది మీ ఇష్టం. నాకు అది గత్యంతరం. రెండూ ఒకటి కావు. దేశదిమ్మరి గారన్న ద్రాక్ష నాకు నిజంగానే అందదు, తియ్యగానే ఉంటుందని కూడా తెలుసు.

అయినా ఆ అరగంటలో చూసినదొకటి అడగాలి. మా వీధి చివర మైదానంలో గడ్డంతా మంచుతో తడిసి ఉంటుంది. అక్కడే ఉన్న పెద్ద చెట్టు కింద మాత్రం గుండ్రంగా పొడిగా ఉంటుంది, గొడుగు పట్టినట్టు. మంచు పైనుంచి కురుస్తుందా?

లెక్కలపిచ్చి:
కురవదండీ. మబ్బూ గాలీ లేని రాత్రి గడ్డి తనలోని వేడిని నేరుగా ఆకాశంలోకి పోగొట్టుకుంటుంది. చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడి, ఆ గాలిలోని తేమనే తన మీద చుక్కలుగా పేర్చుకుంటుంది. చెట్టు కింద గడ్డికి పైన ఆకాశం కనపడదు, కొమ్మలు కనపడతాయి. అందుకే అంత చల్లబడదు. మీరన్న గొడుగు మాట సరైనదే, కాకపోతే ఆపింది నీళ్ళని కాదు, వేడిని. మబ్బు పట్టిన రాత్రి మర్నాడు చూడండి, మైదానంలో కూడా మంచు అంతగా ఉండదు.

దేశదిమ్మరి:
అరగంట గారూ, నా ద్రాక్ష మాట మిమ్మల్ని ఉద్దేశించి కాదు. తగిలితే క్షమించండి. ఒకటి మాత్రం వదలను. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళలేనివాళ్ళని అడ్డం పెట్టుకుని సోఫాలో కూర్చోకూడదు. ఇది చెరువుగట్టు గారికి.

చెరువుగట్టు:
సోఫాలో ఎక్కడున్నానండీ, నడుస్తున్నాననే కదా చెప్తున్నది! అరగంట గారూ, మీరన్న తేడా నాకు తట్టలేదు. నా ఇరవై నిమిషాలు నేను ఎంచుకున్నవే.

నడకరి:
గిల్బర్ట్ వైట్ పేరు ఇంకా రాకపోవడం ఆశ్చర్యం. ఇంగ్లండులో సెల్‌బోర్న్ అనే పల్లెలో ఉన్న మతగురువు. దేశాలు తిరగలేదు. చుట్టుపక్కల పొలాలూ పొదలూ ఏళ్ళ తరబడి చూసి ఉత్తరాల్లో రాస్తే, అవి 1789లో పుస్తకంగా వచ్చాయి. అందరూ ఒకటే అనుకున్న చిన్న పిట్టలు మూడు వేరు వేరు జాతులని కూతని బట్టి తేల్చినాయన.

ఆయన రాసిన ఒక శరత్కాలపు ఉదయం ఉంది. 1741 సెప్టెంబరు 21. తెల్లవారకముందే వేటకని లేచి వెళ్తే పొలాలన్నీ సాలెపోగులతో దుప్పటి కప్పినట్టున్నాయట, దాని మీద మంచు. కుక్కల మొహాలకి గూళ్ళు చుట్టుకుని కళ్ళు కనపడక, పడుకుని ముందుకాళ్ళతో గీరుకున్నాయట. ఆ తరవాత ఆకాశంలోంచి పోగులు రోజంతా రాలుతూనే ఉన్నాయి. చిన్న సాలీళ్ళు దారం వదిలి దానితోపాటు గాల్లో తేలిపోయే కాలం అది. ఇదంతా చూడ్డానికి ఆయన ఏ టికెట్టూ కొనలేదు.

దేశదిమ్మరి:
నడకరి గారూ, దొరికిపోయారు. ఆ రోజు ఆయన సొంతూళ్ళో లేడు. చుట్టపుచూపుగా ఇంకో చోటికి వెళ్ళానని ఆయనే అదే ఉత్తరంలో రాశాడు. అంటే ప్రయాణంలో ఉండగా చూశాడు! నా పాయింటు నాకు.

నడకరి:
ఉత్తరం చివరిదాకా చదవండి సార్. ఆ పోగుల వాన బ్రాడ్లీ, సెల్‌బోర్న్, ఆల్‌రెస్‌ఫర్డ్ మూడు చోట్లా కురిసింది. ఇంట్లో ఉన్నా అదే చూసేవాడు.

మబ్బుతునక:
ఎవరు గెలిచారో నాకు అనవసరం. కుక్కల సంగతి మాత్రం బాగుంది.

లెక్కలపిచ్చి:
సాలీళ్ళ మాటొచ్చింది కాబట్టి. ఈ కాలంలో గూళ్ళు ఎక్కువగా కనపడటానికి మంచొక్కటే కారణం కాదు. చల్లటి ప్రాంతాల్లో చక్రాల్లాంటి గూళ్ళు అల్లే జాతుల్లో చాలావాటికి ఇప్పటికి పూర్తి ఎదుగుదల వస్తుంది, గూడూ పెద్దదవుతుంది. కొన్నయితే పాత గూడు తినేసి రోజూ కొత్తది అల్లుకుంటాయి. నిన్న చూసింది ఇవాళ ఉండదు.

చంద్రుడు కూడా అంతే. మామూలుగా రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. శరద్విషువత్తుకి, అంటే సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి, దగ్గరి పున్నమప్పుడు ఉత్తరాన పైకి వెళ్ళేకొద్దీ ఆ ఆలస్యం అరగంటకీ అంతకన్నా తక్కువకీ పడిపోతుంది. అందుకే వరసగా కొన్ని సాయంత్రాలు పొద్దు గూకిన కాసేపటికే నిండుగా కనిపిస్తాడు. దక్షిణార్ధగోళంలో ఇదే ముచ్చట మార్చిలో.

ఒక్కచోట మాత్రం దేశదిమ్మరి గారికి మార్కులు ఇవ్వాలి. అక్టోబరు 21 ప్రాంతంలో అర్ధరాత్రి దాటాక మృగశిర వైపునుంచి ఉల్కలు రాలతాయి. హేలీ తోకచుక్క వదిలిన ధూళి అది, సెకనుకి 66 కిలోమీటర్ల వేగంతో వచ్చి మండిపోతుంది. బాగా చీకటి ఉన్నచోట గంటకి ఇరవై దాకా లెక్కపెట్టొచ్చు. వీధి దీపాల కింద ఒకటో రెండో. దానికి ఊరు దాటాల్సిందే.

దేశదిమ్మరి:
మార్కులు స్వీకరించడమైనది.

పదాలపేటిక:
అరగంట గారికి ఒక మాట. రోజర్ ఉల్‌రిచ్ అనే ఆయన 1984లో సైన్స్ పత్రికలో ఒక పరిశీలన రాశారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళ రికార్డులు తీసి 23 జతలుగా పోల్చారు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు, ఇటుక గోడ కనిపించినవాళ్ళకన్నా ముందుగా ఇంటికెళ్ళారు, ఘాటైన నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. అమ్మగారి మంచం ఎటు తిరిగి ఉంది?

లెక్కలపిచ్చి:
46 మందేనండీ, చిన్న లెక్క. పైగా చెట్లకి ఆకులుండే రోజులనే తీసుకున్నారు, మే 1 నుంచి అక్టోబరు 20 వరకు. మోడులు చూస్తే ఏమవుతుందో ఆ లెక్కలో రాదు. కానీ మంచం తిప్పడానికి ఖర్చేముంది, తిప్పండి.

అరగంట:
ఖర్చు లేదు గానీ ఇద్దరు మనుషులు కావాలి. ఆదివారం తమ్ముడు వస్తాడు. కిటికీ తూర్పు వైపు ఉంది, ఇన్నాళ్ళూ అమ్మ తల ఆ వైపే ఉంది.

లెక్కలపిచ్చి:
అయితే ఇదే సమయం. సెప్టెంబరు 22, 23 తేదీల్లో సూర్యుడు కచ్చితంగా తూర్పున ఉదయిస్తాడు. ఆ తరవాత రోజురోజుకీ దక్షిణానికి జరుగుతాడు. ఏడాది మొత్తంలో ఆ జరుగుడు వేగంగా ఉండేది ఈ రోజుల్లోనే. కిటికీ చువ్వకి గుర్తు పెట్టుకుంటే వారంలో తేడా తెలుస్తుంది.

చెరువుగట్టు:
ఇంట్లో రాజీ కుదిరింది. ఈసారి గది ముందే బుక్ చెయ్యం. మలుపులో చెట్టు పసుపెక్కాక రెండు రోజులకి సంచి సర్దుకుని బయల్దేరతాం. మా ఆవిడ షరతు: అప్పటిదాకా నడకలో ఫోను నా జేబులో ఉండకూడదు. పాలు ఎవరు తెస్తారో ఇంకా తేలలేదు.

దేశదిమ్మరి:
మలుపులో చెట్టుకీ కొండకీ ఎత్తులో తేడా ఉంటే మళ్ళీ వారం తప్పుతారు. ఎత్తైన చోట ముందే మారుతుంది. మీ చెట్టు పసుపెక్కకముందే బయల్దేరండి. ఇది మాత్రం అనుభవం.

అరగంట:
మంచం తిప్పాం. ఎండ కళ్ళలో పడుతోందని అమ్మ తెర వెయ్యమంది. వేశాను. గంట తరవాత తియ్యమంది.